చెయ్యి కడగని సంబంధం

మా తమ్ముడి కూతురు కమలను చూడవచ్చిన వాళ్లందరికీ వంట చేసింది నేనే. నా చేతి పులిహోరకు మా వరంగల్ మట్టెవాడలో పగవాడు కూడా వంక పెట్టలేడు. కానీ తింటే కదా! మా వ్యాపారస్తుల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పిల్లను చూడవచ్చిన మగపెళ్లివారు మంచినీళ్లు తాగుతారు, చాయ్ తాగుతారు, అంతే. సంబంధం నచ్చిందనుకుంటేనే చెయ్యి కడిగి మన విస్తరి ముందు కూర్చుంటారు. ఒక్క ముద్ద నోట్లో పెట్టారంటే మాట ఇచ్చేసినట్టే. ఆ తర్వాత వెనక్కి పోయినవాణ్ణి బజారులో ఎవరూ మనిషిగా చూడరు.

కమలకు చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు సన్నబడింది. అడుగు వేస్తే ఒక పక్కకు ఒరుగుతుంది. ఎమ్మే చదివింది, హనుమకొండలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్తుంది, నవ్విందంటే ఇల్లంతా వెలుగు. ఏం లాభం? వచ్చినవాళ్లు ఆమె నడక చూసేవారు, గ్లాసులు కింద పెట్టేవారు, "ఇంటికి పోయి కబురు చేస్తం" అనేవారు. వంటింట్లో గిన్నెలు నిండుగా అలాగే ఉండేవి. నేను ఆ అన్నం వాడకట్టంతా పంచిపెట్టి, వచ్చినవాళ్ల ఏడు తరాలనూ తిట్టిపోసేదాన్ని. కమల మాత్రం పట్టుచీర విప్పి మడతపెట్టి, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి కూర్చునేది. ఆ పిల్ల ఏడ్చినా నాకు అంత బాధ ఉండేది కాదు.

ఎనభై రెండు కార్తీకంలో కాశీనాథం సంబంధం వచ్చింది. హనుమకొండలో ఇనుప సామాను దుకాణం. తల్లీతండ్రీ లేరు, మేనమామ వీరేశమే పెద్దదిక్కు. మనిషి మంచివాడే, తాగుడు లేదు, పేకాట లేదు. కానీ ఆ రెండింటికీ మించిన పిచ్చి ఒకటి ఉంది. చిన్నతనంలో బొంబాయి ఇనుప గోదాముల్లో పనిచేసినప్పుడు సముద్రంలో తెరచాప పడవలు చూశాడట. తిరిగొచ్చి, పాకాల చెరువు కట్ట దగ్గర ఒక వడ్రంగిని పెట్టుకుని, అచ్చం అలాంటి పడవే కట్టించాడు. గాలి ఉంటే తెరచాప, గాలి లేకపోతే పొలం బావుల దగ్గర పెట్టే ఆయిల్ ఇంజను. ఆదివారం దుకాణం మూసి నర్సంపేట బస్సెక్కాడంటే చీకటి పడే దాకా నీళ్ల మీదే. సముద్రం లేని ఊళ్లో ఓడ కట్టుకున్నవాడికి పిల్లనెవరిస్తారని బజారంతా నవ్వేది.

ఆ మహానుభావుడు కబురు పంపాడు. "పిల్ల నా పడవెక్కి చూడాలె. చూసినంక గూడ సరే అంటెనే ముందటి మాట."

నాకు ఒళ్లు మండింది. "పిల్లను సూసుడా, తీర్థం పోవుడా?" అన్నాను మా తమ్ముడితో. కానీ కమల నవ్వింది. పెళ్లిమాట వచ్చినప్పుడు ఆ పిల్ల నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

"పోదాం అత్తమ్మా. పడవల కూసుండుడే గద, నడుసుడు లేదు" అంది.

మర్నాడు తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించాను. పులిహోర, పెసరగారెలు, పప్పూ బెల్లం పూర్ణం పెట్టిన పోలెలు, పెరుగన్నం. నాలుగు గిన్నెల టిఫిన్ నిండా సర్ది, పైన మోదుగాకులు పెట్టి ఒక గుడ్డ చుట్టి గట్టిగా ముడేశాను. ఈసారి ఇది ఖాళీగా ఇంటికి రావాలి అనుకున్నాను. దేవుడి పేరు కూడా ఎత్తలేదు. ఎన్నిసార్లని ఎత్తుతాం!

పాకాలలో మా తమ్ముడు నీళ్లు చూసి కట్ట మీదే ఆగిపోయాడు, కళ్లు తిరుగుతాయన్నాడు. కట్ట మీద ఎల్లస్వామి హోటలని ఒక తాటాకుల పాక ఉంటే అందులో బల్ల మీద కూర్చున్నాడు. నేను మాత్రం పెళ్లికొడుకూ మేనమామా ఇంకా డీజిల్ డబ్బా మోసుకొస్తూ ఉండగానే కమలను పడవలోకి ఎక్కించి కూర్చోబెట్టాను. కాలి సంగతి వాళ్లకు ముందే చెప్పాం, దాచిందేమీ లేదు. కానీ చెవితో వినడం వేరు, కంటితో చూడడం వేరు.

కాశీనాథం వచ్చి నాకు దండం పెట్టాడు. పొడుగు మనిషి, ఎండకు నల్లబడ్డ మొహం, చేతులు గరుకు. కమల వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుని, తాడు విప్పడంలో పడ్డాడు. వీరేశం లావుపాటి మనిషి. ఎక్కగానే పడవ ఒక పక్కకు ఒంగింది. ఆయన కళ్లు నేరుగా నా టిఫిన్ మీద పడ్డాయి.

"పోలెలా అక్కా?" అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ.

"తిని చూస్తె తెలుస్తది అన్నా."

"పిలగాడు ఔనన్నంకనే నేను ముట్టేది" అని నవ్వి, బాధగా తల పక్కకు తిప్పుకున్నాడు.

తెరచాప పైకి లేచింది. కాసేపు ఊరికే వేలాడి, గాలి తగలగానే ఉబ్బింది. పడవ కదిలింది. చప్పుడు లేదు. బస్సు కదిలితే తెలుస్తుంది, బండి కదిలితే తెలుస్తుంది, ఇది కదిలినట్టే తెలియలేదు. కట్ట వెనక్కి పోతూ ఉంది, మా తమ్ముడు చిన్నగా అయిపోయాడు, చుట్టూ అడవి, గుట్టలు, ఆ గుట్టలే మళ్లీ నీళ్లలో తలకిందులుగా. నేను పుట్టింది వరంగల్‌లో, పెరిగింది వరంగల్‌లో, విధవనై తిరిగొచ్చింది కూడా వరంగల్‌కే. ఇంత ఖాళీ జాగా ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. నాలో ఉన్న కోపమంతా ఎక్కడికి పోయిందో పోయింది. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది, అంత హాయిగా ఉన్నందుకు.

కమల చెయ్యి నీళ్లలో పెట్టి కూర్చుంది. వేళ్ల మధ్య నుంచి నీళ్లు పోతూ ఉంటే అదే చూస్తూ ఉంది.

చెరువు నడుమకు పోయేసరికి గాలి చచ్చిపోయింది. తెరచాప తడిబట్టలా వేలాడింది. "ఫికర్ చెయ్యకున్రి, ఇంజనుంది" అంటూ కాశీనాథం హ్యాండిల్ పెట్టి తిప్పాడు. దడదడమంటూ ఇంజను లేచింది, కొంగలన్నీ ఒక్కసారి ఎగిరాయి. కొంత దూరం బాగానే పోయాం. తర్వాత కాలిన వాసన వచ్చింది, చప్పుడు మారింది, దగ్గినట్టు రెండుసార్లు ఊగి ఇంజను ఆగిపోయింది. హ్యాండిల్ తిప్పబోతే కదల్లేదు.

"నాచు" అన్నాడు అతను ఒక గొట్టం విప్పి చూపిస్తూ. ఇంజను చల్లబడడానికి చెరువు నీళ్లే ఆ గొట్టంలో నుంచి పోతాయట. అందులో పచ్చని నాచు కుక్కినట్టు ఇరుక్కుని ఉంది. "నీళ్లందక కాగి బిగుసుకున్నది. సల్లారేదాక ఆగాలె."

చల్లారేదాకా గాలి ఆగలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎదురుగాలి లేచి మమ్మల్ని చెరువు మూలకు నెట్టడం మొదలుపెట్టింది. అటు పక్క నీళ్లలో మునిగి చచ్చిన చెట్ల మోడులు బారులు తీరి ఉన్నాయి. వాటికి తగిలితే పడవ అడుగు చీలుతుందని అతను చెప్పలేదు, అతని మొహం చెప్పింది. తెరచాప దించి లంగరు ఎత్తాడు. అది అతను తన దుకాణంలోనే కొలిమి పెట్టి చేసుకున్నదట. బావిలో పడ్డ బొక్కెనలు తీసే కొక్కేల్లాంటిదే, కాకపోతే నాలుగింతలు పెద్దది. నీళ్లలో వేశాడు. తాడు జరజరా దిగి బిగిసింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ వదులైంది. మోడులు ఇంకా దగ్గరకు వచ్చాయి.

"అడుగున అంత బురదే. పట్టు దొరుకుత లేదు" అని లాగాడు. కొక్కేల నిండా నాచు ముద్ద. దులిపి మళ్లీ వేశాడు. మళ్లీ జారింది. పడవ అడ్డంగా తిరుగుతూ ఉంది.

"ఎవరన్న జర వెనుక చుక్కాని పట్టున్రి! ఇటు దిప్పి పట్టాలె!" అని అరిచాడు.

నేను లేచాను, లేచినదాన్ని లేచినట్టే కూలబడ్డాను. వీరేశం మోకాళ్ల మీద పాకుతూ రెండడుగులు పోయి ఆగిపోయాడు. కమల లేచింది. కొంగు బిగించి, అంచు పట్టుకుని, ఊగే పడవలో ఒరుగుతూ ఒరుగుతూ వెనక్కి పోయి చుక్కాని పట్టుకుంది. ఒరిగి నిలబడడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. నా భయం పడుతుందని కాదు, అతను చూస్తాడని. అతను చూశాడు కూడా. కానీ అతను చూసింది చుక్కానినే. "ఆ, గట్లనే, గట్టిగ!" అని లంగరు మూడోసారి విసిరాడు. ఈసారి తాడు బిగిసి, తీగలా మోగి, నిలబడిపోయింది. పడవ ఆగింది. నీళ్ల కింద ఏ మోడుకో తగులుకున్నట్టుంది.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. గాలి అదే పక్క నుంచి వీస్తూ ఉంది, లంగరు విప్పితే మళ్లీ మోడుల మీదికే పోతాం. ఉన్నది ఒక్క తెడ్డు, అది అంత బరువు పడవకు ఏ మూలకూ చాలదు. దగ్గరలో ఇంకో పడవ లేదు. కాశీనాథం ఇంజను ముందు కూర్చుని ఒక్కో బోల్టు విప్పుతూ పోయాడు. మిట్టమధ్యాహ్నం దాటింది. అందరికీ ఆకలి.

అప్పుడు నా బుర్ర పనిచేయడం మొదలైంది. ఇంతకాలం ఎంతమంది వచ్చినా లేచి గుమ్మం దాటిపోయారు. ఇక్కడ గుమ్మం లేదు. నాలుగు దిక్కులా నీళ్లు, నడుమ నా పులిహోర. ఒక్క పోలె, ఒక్కటంటే ఒక్కటి అతని నోట్లో పడిందా, కమల పెళ్లి అయిపోయినట్టే. వీరేశం సాక్షి. ఇంకేం కావాలి? ఇందులో తప్పేముందని ఇప్పటికీ అంటాను.

"అన్నా, ఆకలికి పద్ధతేంది? నీళ్ల మీద చిక్కుకున్నం. నాలుగు ముద్దలు తిన్రి" అన్నాను తీయగా.

వీరేశం గుటక మింగాడు. "కాశీ, ఏమంటవురా? పానం పోతాంది నాకు" అన్నాడు.

కాశీనాథం ఇంజను మీద నుంచి తల ఎత్తాడు. చెమట, మసి, పొద్దున్నుంచి మెతుకు లేని మొహం. అతను నోరు తెరిచి ఏదో అనబోయాడు. నేను ముడి విప్పడానికి టిఫిన్ కోసం చెయ్యి చాపాను. టిఫిన్ అక్కడ లేదు. కమల ఒళ్లో ఉంది. రెండు చేతులా పట్టుకుని ఉంది.

"ఇయ్యి బిడ్డా."

"ఇయ్య అత్తమ్మా."

"వాళ్లు ఆకలితోని ఉన్నరే!"

"అందుకే ఇయ్య." ఆ పిల్ల గొంతు మెల్లగానే ఉంది, కానీ పడవ ఎంత పెద్దదని, అందరికీ వినపడింది. "ఆకలికి తింటె రేపు పొద్దుగాల మనసుల తిట్టుకుంటరు. నీళ్లల్ల పట్టుకోని పిల్లనంటగట్టిన్రని అనుకుంటరు. నేనా మాట జిందగీ అంత మొయ్యలేను. ఒడ్డుకు పోనీ. అక్కడ హోటలున్నది, బస్సున్నది, పోయేటోళ్లు పోవచ్చు. అక్కడ గూడ తింటనంటె అప్పుడు పెడత."

నాకు కోపం నషాళానికి అంటింది. చేతికందిన పెళ్లిని ఇలా నీళ్లలో విసిరేసే పిల్ల ఉంటుందా! నాలుగు మాటలు అంటించేదాన్నే, కానీ ఆ పిల్ల టిఫిన్ ముడి మీద ఇంకో ముడి వేయడం చూశాను. అన్నీ తెలిసే అంటోంది. వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోయిన ప్రతిసారీ పేపర్లు దిద్దుకుంటూ ఏం అనుకునేదో నాకు అప్పుడు తెలిసింది. నేను కొంగు తలమీదికి లాక్కుని అటు తిరిగి కూర్చున్నాను.

కాశీనాథం ఆమెను కాసేపు చూసి, మళ్లీ ఇంజను మీదికి వంగాడు. వీరేశం మాత్రం చెరువు నీళ్లు దోసిట్లో పట్టి తాగి, భారంగా నిట్టూర్చి పడుకున్నాడు.

పడవ లంగరు చుట్టూ మెల్లగా అటూ ఇటూ తిరుగుతూ ఉంది. నీళ్లు చెక్కకు తగిలి గొణుగుతున్నాయి. నేను కూర్చున్నచోటే కునుకు తీశాను. కలలో చెరువు మీద బంతి భోజనాలు పెట్టాం. ఇంతకాలం కమలను చూసిపోయిన పెళ్లికొడుకులంతా నీళ్ల మీద వరసగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, ఒక్కడూ మునగలేదు. నేను వడ్డిస్తూ పోతున్నాను, గరిటెతో తీస్తే పులిహోర రావడం లేదు, నీళ్లే వస్తున్నాయి. వాళ్లు ఆ నీళ్లనే తాగి, బాగుందమ్మా అని లేచి, గుట్టల వైపు నడిచిపోయారు. బంతి చివర కమల ఒక్కతే కూర్చుని ఉంది, విస్తరి ముందు. ఆకలి కాలేదా బిడ్డా అంటే, కాలేదు అత్తమ్మా అంది.

మెలకువ వచ్చేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. గాలి కూడా తిరిగింది. ఇప్పుడు అది కట్ట వైపు వీస్తూ ఉంది. కాశీనాథం ఆఖరిసారి హ్యాండిల్ తిప్పాడు, ఇంజను ఒక పొగ వదిలి ఊరుకుంది. "ఇగ ఇది ఇయ్యాల లేవది" అని దాని మీద గోనెసంచి కప్పాడు. తెరచాప ఎత్తడానికి సిద్ధం చేసి లంగరు లాగాడు. రాలేదు. వీరేశం లేచి చెయ్యి వేశాడు. ఇద్దరూ కాళ్లు తన్నిపెట్టి లాగారు. పొద్దున పట్టమంటే పట్టనిది, ఇప్పుడు వదలమంటే వదలడం లేదు.

"దునికి ఇడిపిద్దామంటె మొసళ్లున్నయి" అన్నాడు వీరేశం.

కాశీనాథం తాడు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. సొంత చేతులతో కొట్టుకున్న ఇనుము. కమల చుక్కాని దగ్గర నుంచి అంది, "ఉంటె ఉండనీ. పొద్దుగూకుతాంది."

అతను కత్తి తీసి తాడు కోశాడు.

తెరచాప నిండింది. చుక్కాని కమల చేతుల్లోనే ఉంది, అతను తీసుకోలేదు. ఎటు తిప్పాలో మాత్రం చెప్పాడు. ఆకాశం ఎర్రబడి, నీళ్లు ఎర్రబడి, పడవ ఆ రెండింటి నడుమ పోతూ ఉంది. ఆకలికి నాకు ఒళ్లు తేలికైపోయింది. ఒడ్డు రాకపోయినా బాగుండు అనిపించింది. ఒడ్డు వస్తే ఏమవుతుందో నాకు తెలుసు కదా.

ఒడ్డు వచ్చింది. మా తమ్ముడు మోకాళ్ల లోతు నీళ్లలోకి వచ్చి ఏడుస్తూ నిలబడ్డాడు. పైన ఎల్లస్వామి హోటల్లో మిరపకాయ బజ్జీలు వేగుతున్న వాసన. వీరేశం పడవ ఆగకముందే దిగి, ఆ వాసన పట్టుకుని కట్ట ఎక్కేశాడు. కాశీనాథం పడవను రాయికి కట్టాడు. కమలను, నన్ను చెయ్యిచ్చి దించి, ఒక రాయి మీద కూర్చోమన్నాడు. తర్వాత అతను కూడా హోటలుకే పోయాడు.

కూర్చున్నచోటు నుంచి అంతా కనిపిస్తూ ఉంది. ఒక ప్లేటు బజ్జీలు తిన్నాడు. ఇంకో ప్లేటు తీసుకున్నాడు. పైన చాయ్ తాగాడు. ఒక్కో బజ్జీ అతని నోట్లోకి పోతూ ఉంటే నా గుండెలో ఒక్కో రాయి పడినట్టైంది. అయిపోయింది. ఇది కూడా పోయింది.

"సూసినవా? నేను జెప్పినట్టు పడవల పెట్టి ఉంటె ఈపాటికి తమలపాకులు పట్టుకునేటోళ్లం! నీ తెలివి తగలెయ్య!" అన్నాను. ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది, ఏది ముందో తెలియలేదు.

"తిననీ అత్తమ్మా. పొద్దంత పస్తున్నడు" అంది కమల. టిఫిన్ మాత్రం ఒళ్లోనే ఉంది.

కాశీనాథం కట్ట దిగి వచ్చాడు. మా దగ్గరకు రాకుండా నీళ్ల అంచుకు పోయి గొంతుక్కూర్చున్నాడు. ఇసుక తీసుకుని చేతులకు పట్టిన మసి అంతా రుద్దాడు. మోచేతుల దాకా కడిగాడు, మళ్లీ రుద్దాడు, మళ్లీ కడిగాడు. నీళ్లు కారుతున్న చేతులు ముందుకు పట్టుకుని, కొంచెం దూరంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు నాకు ఆకలి లేదు" అన్నాడు కమలతో. "కడుపు నిండ తిన్న. ఇగ మీ టిఫిన్ తీస్తరా?"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థం కాగానే టిఫిన్ లాక్కుని పరుగెత్తబోయాను. కమల నా చెయ్యి ఆపింది. తనే లేచింది. ఇసుకలో కాలు దిగబడి మామూలుకన్నా ఎక్కువ ఒరుగుతూ, తొందరపడకుండా, అతని దాకా నడిచింది. అతను మొదటి అడుగు నుంచి ఆఖరి అడుగు దాకా చూశాడు. ఒక్కసారి కూడా చూపు తిప్పుకోలేదు. ఆమె మోదుగాకు పరిచి పోలె పెట్టింది. అతను తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

హోటల్లో నుంచి వీరేశం నోటినిండా బజ్జీతో "అరే కాశీ, జర ఆగురా, నేను గూడ!" అని అరుస్తూ, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ల వైపు దొర్లుకుంటూ వచ్చాడు. మా తమ్ముడు అక్కడే కూలబడి కొంగులేనివాడు కాబట్టి కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. పులిహోర అయిపోయింది, గారెలు అయిపోయాయి, ఎండకు పులిసిన పెరుగన్నం కూడా వాళ్లు వదల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కుదుపులకు నాలుగు గిన్నెలూ ఒకదానికొకటి తగిలి గలగలమంటూనే ఉన్నాయి. ముందు సీటాయన వెనక్కి తిరిగి, ఆ చప్పుడేందమ్మా, జర కింద పెట్టుకో అన్నాడు. నేను పెట్టలేదు. మట్టెవాడ వచ్చేదాకా ఆ ఖాళీ టిఫిన్ నా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.